నానో కిందికి దిగితే

(విశాఖపట్నంలో ఒక సాయంత్రం సభలో డిగ్రీ విద్యార్థులకు, సైన్సంటే ఆసక్తి ఉన్న ఊరివాళ్ళకు ఇచ్చిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నా గురించి చెప్పినదాంట్లో సగం తీసేసి మిగతాది నమ్మండి. ఇవాళ్టి విషయం ఎంచింది నేను కాదు, ఇక్కడి విద్యార్థులు. "సార్, నానో అయిపోయింది కదా, ఇప్పుడు పికో టెక్నాలజీ, ఫెమ్టో టెక్నాలజీ అంటున్నారు, వాటి మీద మాట్లాడండి" అన్నారు. నానో అయిపోయిందని వీళ్ళకి ఎవరు చెప్పారో గానీ, ప్రశ్న మాత్రం గట్టిదే. నానో కన్నా చిన్న కొలతల్లో పదార్థాన్ని మనకి కావలసినట్టు మార్చగలమా? మార్చాలంటే దేంతో మార్చాలి?

ముందు కొలతలు తేల్చుకుందాం. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. దాన్ని వెయ్యి చేస్తే పికోమీటరు. దాన్ని మళ్ళీ వెయ్యి చేస్తే ఫెమ్టోమీటరు. కాగితం మీద అయితే మూడేసి సున్నాలు చేర్చుకుంటూ పోవడమే. పదార్థం మాత్రం ఈ సున్నాల లెక్కన తయారవలేదు. హైడ్రోజన్ పరమాణువు వ్యాసం సుమారు 100 పికోమీటర్లు. సిలికాన్ స్ఫటికంలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 235 పికోమీటర్లు. అంటే ఒక నానోమీటరు పొడవులో నాలుగైదు పరమాణువులు పడతాయి. వంద పికోమీటర్ల కన్నా కిందికి దిగామా, అక్కడ పూర్తి పరమాణువంటూ ఒకటి ఉండదు. ఎలక్ట్రాన్లు పరుచుకుని ఉంటాయి. వాటి నడుమ ఎక్కడో కేంద్రకం. ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెమ్టోమీటర్లు. హైడ్రోజన్ పరమాణువు తన కేంద్రకం కన్నా దాదాపు 60 వేల రెట్లు పెద్దది. ఈ రెండింటి మధ్య పట్టుకోవడానికి వస్తువేమీ లేదు.

కాబట్టి నానో తర్వాత పికో, పికో తర్వాత ఫెమ్టో అని వరసగా యంత్రాలు చిన్నవవుతూ పోతాయని ఎవరైనా చెప్తే నేను ఒప్పుకోను. నానో దాకా ఆ వరస నిజమే. పని చిన్నదైతే పనిముట్టు కూడా చిన్నదయింది. ఆ కింద లెక్క తిరగబడుతుంది. పని ఎంత సూక్ష్మమైతే పనిముట్టు అంత పెద్దదవుతుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాటకి సాక్ష్యాలే.

మొదటి సాక్ష్యం, చేతితో చేసే పని ఎక్కడ ఆగిందో చూద్దాం. 1981లో జ్యూరిచ్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్‌రిక్ రోరర్ ఒక మైక్రోస్కోపు తయారుచేశారు. స్కానింగ్ టనలింగ్ మైక్రోస్కోపు. అందులో కటకాలు లేవు. సన్నటి లోహపు సూది ఉంటుంది. దాని కొసన చివరికి మిగిలేది ఒక్క పరమాణువు. ఆ కొసని ఉపరితలానికి తగిలీ తగలనట్టు తీసుకెళ్తే మధ్యలో చిన్న కరెంటు ప్రవహిస్తుంది. దూరం 100 పికోమీటర్లు పెరిగితే ఆ కరెంటు పదో వంతుకి పడిపోతుంది. అందుకే ఎత్తులో ఒక్క పికోమీటరు తేడా కూడా ఇది పసిగట్టగలదు. 1986లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. 1989లో కాలిఫోర్నియాలోని ఆల్మడెన్‌లో, ఐబీఎం వాళ్ళదే ఇంకో ప్రయోగశాలలో, డాన్ ఐగ్లర్ అలాంటి సూదితోనే, నికెల్ పలక మీద, సున్నాకి దిగువన 269 డిగ్రీల చలిలో, 35 జినాన్ పరమాణువుల్ని ఒక్కొక్కటే జరుపుకుంటూ వెళ్ళి తన కంపెనీ పేరు మూడక్షరాలు రాశాడు. ఇప్పటికీ నానో గురించి ఎక్కడ మాట్లాడినా ఆ ఫొటో చూపిస్తారు. చూపించాల్సిందే. కానీ దాన్ని ఇంకో వైపు నుంచి చూడండి. వేలి కొసన ఒకే పరమాణువు. జరిపేది కూడా ఒకే పరమాణువు. ఇంతకన్నా సన్నని వేలు తయారు చేయడానికి ముడిసరుకేది? పరమాణువుని సగం చేసి సూది మొన పెట్టలేం కదా.

ఆ సూదిని పికోమీటర్ల లెక్కన పైకీ కిందికీ కదిపేదేమిటో తెలుసా? మన వంటింట్లో ఉన్నదే. గ్యాస్ లైటర్ నొక్కితే టిక్కుమంటుంది చూశారా, లోపల స్ప్రింగు సుత్తి ఒకటి చిన్న పింగాణీ బిళ్ళని కొడుతుంది. ఆ బిళ్ళ సాధారణంగా లెడ్ జిర్కోనేట్ టైటనేట్. దెబ్బకి దాని స్ఫటికంలో పరమాణువులు చోటు తప్పుతాయి. ఒక్కోటి కదిలేది పికోమీటరులో కొంత భాగమే. కోటానుకోట్ల పొరల్లో ఆ కొద్దిపాటి కదలిక ఒకే దిశలో కూడేసరికి వేల ఓల్టులు పుట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. ఇదే తిరగేస్తే, అలాంటి బిళ్ళకి ఓల్టేజి ఇస్తే, అది పికోమీటర్ల లెక్కన సాగుతుంది, ముడుచుకుంటుంది. మైక్రోస్కోపు సూదిని నడిపేది ఆ గుణమే. రెండొందల రూపాయల లోపు లైటరుకీ నోబెల్ వచ్చిన పరికరానికీ లోపలున్న సూత్రం ఒకటే.

మీ జేబులో ఫోన్లున్నాయి కదా. ఒక్కో ఫోన్లో వందలకొద్దీ చిన్న చిన్న కెపాసిటర్లుంటాయి, ఇసుక రేణువులంత. వాటిలో ఎక్కువ భాగం బేరియం టైటనేట్‌తో చేసినవి. అందులో టైటానియం అయాను చుట్టూ ఆరు ఆక్సిజన్లుంటాయి. అది సరిగ్గా మధ్యలో కూర్చోదు. పది పికోమీటర్లు అటో ఇటో ఒరిగి ఉంటుంది. ఆ ఒరుగు వల్లే అంత చిన్న ముక్కలో అంత విద్యుదావేశం పడుతుంది. స్వచ్ఛమైన బేరియం టైటనేట్‌ను 120 డిగ్రీలు దాటేలా వేడి చేయండి, టైటానియం మధ్యలోకి వచ్చేస్తుంది, ఆ గుణం పోతుంది. పదార్థంలో పది పికోమీటర్ల మార్పుతో నడిచే పరిశ్రమ ఇది. పికో టెక్నాలజీ రాబోతోందని వ్యాసాలు రాసేవాళ్ళ జేబులోనే అది ఎప్పట్నించో ఉంది. (నవ్వులు) అయితే ఇక్కడ ఎవరూ టైటానియం అయానుని పట్టుకుని జరపలేదు. సరైన పొడులు సరైన వేడి దగ్గర కాల్చారు. జరగాల్సింది అదే జరిగింది.

ఇక కేంద్రకం సంగతికి వద్దాం. అక్కడ చిమటాలాంటి దాంతో ఎందుకు పని జరగదు? హైసెన్‌బర్గ్ సూత్రం మీరు పరీక్షకి చదివే ఉంటారు, కణాన్ని ఎంత ఇరుకు చోటులో పెడితే అది అంత ఉధృతంగా కదులుతుందని. మార్కుల కోసం కాకుండా ఒకసారి లెక్కగా వాడదాం. ఒక కణాన్ని ఒక ఫెమ్టోమీటరు చోటులో బంధించాలంటే దానికి దాదాపు 20 కోట్ల ఎలక్ట్రాన్ ఓల్టుల స్థాయి శక్తి వచ్చిపడుతుంది. ఒక ఎలక్ట్రాన్ ఒక ఓల్టు తేడా దాటితే దానికి వచ్చే శక్తే ఎలక్ట్రాన్ ఓల్టు. రసాయన బంధం ఒకటి తెంచడానికి కావలసింది మూడో నాలుగో ఎలక్ట్రాన్ ఓల్టులు. అంటే కోట్ల రెట్ల తేడా. ఆ శక్తితో దేన్నైనా మృదువుగా పట్టుకుని ఎక్కడైనా పెట్టడం కుదరదు. పట్టుకునే సరికి పట్టుకున్నది ముక్కలవుతుంది. ఎలక్ట్రాన్‌ను అంత చోటులో నొక్కాలంటే, దాని సొంత ద్రవ్యరాశికి సమానమైన శక్తికి దాదాపు 400 రెట్లు పెట్టాలి.

మరి కేంద్రకాల్ని మనం రోజూ తిప్పుతున్నామే! ఎంఆర్ఐ తీయించుకున్నవాళ్ళు ఇక్కడ ఎంతమంది? ... చాలామందే ఉన్నారు. ఆ గొట్టంలో పడుకున్నప్పుడు దడదడమని చప్పుడవుతుంది కదా, ఆ సమయంలో మీ ఒంట్లోని నీళ్ళలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాల్ని, అంటే ప్రోటాన్లని, అటూ ఇటూ తిప్పుతున్నారన్నమాట. 1.5 టెస్లా అయస్కాంతంలో ప్రోటాన్ స్పిన్‌ని, అంటే అది చిన్న అయస్కాంతంలా ఒక దిక్కుకి చూసే గుణాన్ని, తిప్పాలంటే 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం కావాలి. ఆ తరంగం పొడవు గాలిలో ఎంత? 4.7 మీటర్లు. ఈ స్టేజీ వెడల్పంత ఉంటుంది. తిరిగేది ఫెమ్టోమీటరు కన్నా కాస్త పెద్దది. తిప్పేది గది అంత. ఇందాక నేను చెప్పిన మాట ఇదే. అంత పెద్ద తరంగం అంత చిన్నదాన్ని పట్టుకోగలిగింది తన పరిమాణం వల్ల కాదు, పౌనఃపున్యం సరిపోవడం వల్ల. 64 బదులు 60 మెగాహెర్ట్జ్ ఇవ్వండి, ప్రోటాన్ పట్టించుకోదు.

ఒక్క కేంద్రకాన్ని కూడా తిప్పారు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఆండ్రియా మొరెల్లో బృందం సిలికాన్ చిప్పులో ఒక్క యాంటిమనీ పరమాణువుని నాటి, దాని కేంద్రకాన్ని అయస్కాంత తరంగాలతో తిప్పాలనుకుంది. యాంటిమనీ-123 కేంద్రకానికి స్పిన్ స్థితులు రెండు కాదు, ఎనిమిది. శక్తి ఎక్కువ పంపేసరికి వాళ్ళ బుల్లి ఆంటెన్నా కాలిపోయింది. కాలిపోయిన ఆంటెన్నా కాబట్టి కరెంటు పారదు, అయస్కాంత క్షేత్రం రాదు. అయినా కేంద్రకం తిరుగుతోంది! చాలా తర్జనభర్జన తర్వాత తేలిందేమిటంటే, తెగిన ఆంటెన్నా విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తోంది, ఆ క్షేత్రమే కేంద్రకాన్ని తిప్పుతోంది. ఇలా చేయవచ్చని నికొలాస్ బ్లూమ్‌బర్గెన్ 1961లోనే సూచించాడు. చేసి చూపడం 2020లో, అదీ పరికరం చెడిపోవడం వల్ల. ప్రాక్టికల్ రికార్డులో అనుకున్న జవాబు రాకపోతే కొట్టేసే పిల్లలు ఈ కథ గుర్తుపెట్టుకోండి.

(సభలోంచి ప్రశ్న: సార్, మరి పరమాణువునే చిన్నది చేయలేమా?)

భలే అడిగావమ్మా. చేయవచ్చు. చేశారు కూడా. పరమాణువు ఎంత పెద్దదన్నది దాని ఎలక్ట్రాన్ బరువు నిర్ణయిస్తుంది. ఎలక్ట్రాన్ తీసేసి, దానిలాంటిదే గానీ 207 రెట్లు బరువైన కణం పెడితే పరమాణువు అంతకంత చిక్కిపోతుంది. ఆ కణం పేరు మ్యూఆన్. అందరూ ఒకసారి అరచెయ్యి చాపండి. ఆకాశం నుంచి సెకనుకి ఒకటి చొప్పున దాని గుండా మ్యూఆన్లు దూసుకుపోతున్నాయి. పైకప్పు వాటికి అడ్డం కాదు. మన చిత్తూరు పొరుగున ఉన్న కోలారు బంగారు గనుల్లోకి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పరికరాలు దింపి, ఎంత లోతుకి ఎన్ని మ్యూఆన్లు చేరతాయో కొలిచారు. అక్కడే 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు, అంటే దేనికీ దాదాపు తగలకుండా పోయే కణాల జాడ.

ఎలక్ట్రాన్ స్థానంలో మ్యూఆన్ ఉన్న హైడ్రోజన్ మామూలుదానికన్నా దాదాపు 190 రెట్లు చిన్నది, వ్యాసార్ధం 300 ఫెమ్టోమీటర్ల లోపు. మ్యూఆన్ అంత దగ్గరగా తిరుగుతుంది కాబట్టి ప్రోటాన్ పరిమాణం దానికి బాగా తెలుస్తుంది. 2010లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థలో ఇలాంటి పరమాణువుల మీద లేజరు వేసి ప్రోటాన్ వ్యాసార్ధం కొలిస్తే 0.842 ఫెమ్టోమీటర్లు వచ్చింది. అప్పటిదాకా అందరూ నమ్మిన అంకె 0.877. నాలుగు శాతం తేడాకి ప్రపంచమంతా పదేళ్ళు కొట్టుకున్నారు. ఆ లేజరు తరంగదైర్ఘ్యం 6 మైక్రోమీటర్లు. మళ్ళీ అదే సంగతి, కొలిచే కొలబద్ద కొలవాల్సినదానికన్నా వందల కోట్ల రెట్లు పెద్దది.

మ్యూఆన్‌తో ఇంకో పని జరుగుతుంది. రెండు హైడ్రోజన్ కేంద్రకాల మధ్య ఎలక్ట్రాన్ బదులు మ్యూఆన్ కూర్చుంటే ఆ రెండూ ఎంత దగ్గరికి వస్తాయంటే, ఏ వేడీ అక్కర్లేకుండా కలిసిపోతాయి. సూర్యుడి నడిబొడ్డున కోటిన్నర డిగ్రీల దగ్గర జరిగే కేంద్రక సంలీనం అన్నమాట, ద్రవ హైడ్రోజన్ చలిలో! 1956లో బర్క్‌లీలో లూయీ అల్వారెజ్ బృందం, కణాల దారులు బుడగల గీతలుగా కనబడే బబుల్ చాంబర్ ఫొటోల్లో దీన్ని అనుకోకుండా చూసింది. మానవజాతికి ఇంధన సమస్య తీరిపోయిందని కొద్దిసేపు సంబరపడ్డామని అల్వారెజ్ తర్వాత చెప్పుకున్నాడు. తర్వాత లెక్కలు వేశారు. మ్యూఆన్ బతికేది సగటున 2.2 మైక్రోసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో ఒక జంటని కలిపి, విడిపడి, ఇంకో జంట దగ్గరికి పోతుంది. 1980లలో అమెరికాలో హైడ్రోజన్‌లోనే బరువైన రకాలైన డ్యూటీరియం, ట్రిటియం మిశ్రమంతో ఒక్క మ్యూఆన్‌తో 150 దాకా సంలీనాలు చేయించారు. ఒక్కోదానికి 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ ఓల్టులు. మొత్తం కలిపితే 2,600 మిలియన్లు. ఒక మ్యూఆన్ తయారీకి అయ్యే ఖర్చు సుమారు 5,000 మిలియన్లు. అసలుకే ఎసరు. పైగా వందలో ఒకటి లోపు సార్లు పుట్టిన హీలియం కేంద్రకానికి మ్యూఆన్ అతుక్కుపోతుంది, దాంతో దాని పని ముగిసినట్టే. నా ఉద్దేశంలో నానో కింద పదార్థాన్ని నిజంగా మలిచిన పని ఏదైనా ఉందంటే ఇదే. లాభం రాలేదని దీన్ని మర్చిపోవడం అన్యాయం.

ఇప్పుడు ఒక హెచ్చరిక కథ, త్వరగా చెప్పేస్తాను. కొన్ని కేంద్రకాలు శక్తిని లోపల దాచుకుని ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. వాటిని ఐసోమర్లంటారు. హాఫ్నియం-178లో ఒక ఐసోమర్ అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 31 ఏళ్ళు. ఒక్క గ్రాములో దాగిన శక్తి 300 కిలోల టీఎన్‌టీతో సమానం. దాన్ని కావలసినప్పుడు విడిపించగలిగితే? 1999లో డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుంచి కార్ల్ కాలిన్స్ బృందం, పళ్ళ డాక్టరు దగ్గరుండే ఎక్స్‌రే యంత్రంతో దాన్ని తొందరపెట్టామని ప్రకటించింది. అమెరికా రక్షణ శాఖ డబ్బు పెట్టింది. పేపర్లలో బాంబు కథలు వచ్చాయి. ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఎన్నో రెట్లు తీక్షణమైన ఎక్స్‌రేలతో చూస్తే ఆ ప్రభావం జాడే కనబడలేదు. బాంబుకి ఉన్న గిరాకీ సందేహానికి ఉండదు కాబట్టి ఆ కథ చాలా కాలం నడిచింది.

అసలు కథకి వద్దాం. థోరియం-229.

కేంద్రకాన్ని ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి లేపాలంటే మామూలుగా వేల, లక్షల ఎలక్ట్రాన్ ఓల్టులు కావాలి. అంత శక్తి గల లేజర్లు బల్ల మీద పెట్టుకునేవి కావు. 1976లో అమెరికాలోని ఐడహోలో క్రోగర్, రైక్ అనే ఇద్దరు థోరియం-229 గామా కిరణాల లెక్కలు చూస్తూ ఒక వింత గమనించారు. ఈ కేంద్రకానికి అడుగు స్థితికి దాదాపు ఆనుకునే ఇంకో స్థితి ఉండాలి, రెంటికీ తేడా వంద ఎలక్ట్రాన్ ఓల్టుల లోపే ఉండాలి. తెలిసిన వేల కేంద్రకాల్లో లేజరుకి అందేంత తక్కువ తేడా ఉన్నది ఇదొక్కటే. 1994లో ఆ తేడా 3.5 అన్నారు. 2007లో లివర్‌మోర్‌లో కొలిచి 7.6 అన్నారు. మీలో పెద్దవాళ్ళు పాత వాల్వు రేడియోలో శ్రీలంక స్టేషన్ కోసం ముల్లు తిప్పిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ డయలు మైళ్ళ పొడవుంది, స్టేషను వెంట్రుక కన్నా సన్నం, ఏ వైపు ఉందో తెలియదు. ముల్లు కాస్త పక్కన ఉంటే చాలు, ఏమీ వినబడదు. పైగా స్టేషను ఉందన్న రుజువు కూడా అప్పటికి పరోక్షమే. అది నిజంగా ఉందని సూటిగా పట్టుకున్నది 2016లో, మ్యూనిక్‌లో.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే పనితనమంతా అక్కడే. థోరియం పరమాణువు నుంచి బయటి ఎలక్ట్రాన్ ఒకటి ఊడగొట్టడానికి 6.3 ఎలక్ట్రాన్ ఓల్టులు చాలు. కేంద్రకం కిందికి దిగేటప్పుడు వదిలేది ఎనిమిది పైచిలుకు. అంటే కేంద్రకం కాంతి ఇచ్చే లోపే దాని ఎలక్ట్రాన్ ఆ శక్తిని ఎత్తుకుపోతుంది, మైక్రోసెకన్లలో. మనకి వెలుగే కనబడదు. దీనికి విరుగుడు వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో థోర్‌స్టెన్ షుమ్ బృందం పట్టుదలగా తయారుచేసిన స్ఫటికాలు. కాల్షియం ఫ్లోరైడ్‌లో అక్కడక్కడ కాల్షియం స్థానంలో థోరియం. ఆ స్ఫటికంలో థోరియం తన బయటి ఎలక్ట్రాన్లు నాలుగూ ఫ్లోరిన్‌కి ఇచ్చేస్తుంది. మిగిలినవి గట్టిగా బిగిసి ఉంటాయి, ఎనిమిది ఎలక్ట్రాన్ ఓల్టులకి లొంగవు. స్ఫటికం ఆ అతినీలలోహిత కాంతికి పారదర్శకం కూడా. ఇక కేంద్రకానికి కాంతి ఇవ్వడం తప్ప వేరే దారి లేదు.

2023లో జెనీవాలోని సెర్న్‌లో, ఐసోల్డె అనే విభాగంలో, అలాంటి స్ఫటికాల్లోంచి ఆ కాంతిని మొదటిసారి చూసి తేడా 8.34 ఎలక్ట్రాన్ ఓల్టులని చెప్పారు. దాంతో వెతకాల్సిన డయలు చిన్నదైపోయింది. 2024లో జర్మనీ కొలతల సంస్థలో ఎక్కెహార్డ్ పైక్ బృందం లేజరు తీసుకుని, వియన్నా స్ఫటికం మీద పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ పోయింది. ఒకచోట వెలుగు తగిలింది. 8.356 ఎలక్ట్రాన్ ఓల్టులు. తరంగదైర్ఘ్యం 148 నానోమీటర్లు. ఆ కాంతిని గాలి మింగేస్తుంది కాబట్టి అంతా శూన్యంలోనే జరగాలి. లేజరు ఆపేశాక కూడా నిమిషాల తరబడి స్ఫటికం కాంతి కణాల్ని ఒక్కటొక్కటే వదులుతూనే ఉంది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో ఇంకో బృందం వేరే స్ఫటికంలో ఇదే చూసింది. సెప్టెంబరులో కొలరాడోలోని జిలా అనే పరిశోధన సంస్థలో జున్ యె బృందం దాన్ని స్ట్రాన్షియం పరమాణువులతో నడిచే గడియారంతో ముడిపెట్టి, పౌనఃపున్యాన్ని కిలోహెర్ట్జ్‌ల దాకా లెక్కగట్టింది. సెకనుకి 2,020 లక్షల కోట్ల కంపనాలు, చిల్లర అంకెలతో సహా.

థోరియం కేంద్రకం వ్యాసం సుమారు 15 ఫెమ్టోమీటర్లు. దాన్ని లేపిన కాంతి తరంగం 148 నానోమీటర్లు. కోటి రెట్లు పెద్దది! దాన్ని లేపిన గదిలో బల్లల నిండా అద్దాలు, శూన్యపు గొట్టాలు, పంపులు. పని జరిగింది మాత్రం కేంద్రకం లోపల.

దీంతో ఏం చేస్తారంటారా? పైక్, టామ్ అనే ఇద్దరు 2003లోనే చెప్పారు, గడియారం చేస్తారు. ఇప్పటి పరమాణు గడియారాలు ఎలక్ట్రాన్ల మీద నడుస్తాయి. ఎలక్ట్రాన్లు బయట ఉంటాయి, పక్కనున్న ప్రతి క్షేత్రమూ వాటిని కదుపుతుంది. కేంద్రకం లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి ఘన స్ఫటికంలో కూడా దాని లయ పెద్దగా చెడదు. దానికన్నా నాకు ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. థోరియంలో రెండు స్థితుల మధ్య తేడా అంత తక్కువ ఎందుకుంది? లోపల విద్యుత్ బలమూ బలమైన కేంద్రక బలమూ లక్షల ఎలక్ట్రాన్ ఓల్టుల లెక్కన ఒకదాన్నొకటి కొట్టేసుకుని, చివరికి ఎనిమిది మిగిలింది. ఆ బలాల్లో ఏది రవ్వంత మారినా ఈ ఎనిమిదిలో మార్పు పెద్దగా కనిపిస్తుంది. ప్రకృతి స్థిరాంకాలు నిజంగా స్థిరమేనా అని అడగడానికి ఇంత మంచి సాక్షి ఇంకోటి లేదు.

విశాఖలో థోరియం మాట ఎత్తి ఊరుకోలేను. భీమిలి వైపు తీరంలో ఇసుక గుప్పెడు తీసి ఎండలో చూడండి. నల్లగా ఉన్నది ఇల్మనైట్. ఎర్రగా ఉన్నది గార్నెట్. మధ్యమధ్యలో అరుదుగా తేనెరంగు గింజలు, అవి మోనజైట్. అందులో దాదాపు తొమ్మిది శాతం థోరియం ఆక్సైడు. ఇది థోరియం-232, గడియారానికి కావలసినది కాదు. కానీ ఈ 232కి రియాక్టరులో ఒక న్యూట్రాన్ తగిలితే అది ముందు థోరియం-233, తర్వాత ప్రొటాక్టినియం, తర్వాత యురేనియం-233 అవుతుంది. ఆ యురేనియం 1,59,000 ఏళ్ళ అర్ధాయువుతో ఆల్ఫా కణాన్ని వదిలి మారేది థోరియం-229గానే. ప్రపంచంలో దీని నిల్వలు అతి తక్కువ ఉండటానికి కారణం ఆ నిదానమే. యురేనియం-233 ఇంధనంతో నడిచే కామిని రియాక్టరు కల్పాక్కంలో 1996 నుంచి ఉంది. హోమీ భాభా వేసిన మూడంచెల అణు ప్రణాళికలో చివరి అంచె ఈ ఇసుక మీదే ఆధారపడింది. ఆ ఇసుక కరెంటు కోసమేనని అందరం అనుకున్నాం. దాని మనవడు గడియారమై కూర్చుంటాడని ఎవరూ అనుకోలేదు.

సరే, ప్రశ్నలు. ఆ బాబు ఎంతసేపట్నించో చెయ్యి ఎత్తి ఉన్నాడు.

(ప్రశ్న: కేంద్రకాల్ని ఇటుకల్లా పేర్చి ఉక్కు కన్నా కోట్ల రెట్లు గట్టి పదార్థం చేయొచ్చని చదివాను సార్.)

నేనూ చదివాను బాబూ. రాసినవాళ్ళ ఉత్సాహాన్ని తప్పుపట్టను. కానీ కేంద్రక బలం ఒకటి రెండు ఫెమ్టోమీటర్ల దాకానే పనిచేస్తుంది. పక్కవాడిని పట్టుకుంటుంది, ఆ పక్కవాడి పక్కవాడిని పట్టించుకోదు. ప్రోటాన్ల వికర్షణ మాత్రం ఎంత దూరమైనా పనిచేస్తుంది. పెద్దది కట్టేకొద్దీ వికర్షణ గెలుస్తుంది. మనిషి ఇప్పటిదాకా కట్టిన అతి బరువైన మూలకం 118 ప్రోటాన్లది, ఓగనెసాన్, రష్యాలోని డుబ్నాలో చేశారు. అది మిల్లీసెకను కూడా నిలవదు. ఉత్త న్యూట్రాన్లతో కడదామంటే, విడిగా ఉన్న న్యూట్రాన్ పావుగంటలో చెదిరిపోతుంది. న్యూట్రాన్ నక్షత్రం నిలిచి ఉందంటే దాన్ని నొక్కి పట్టిన గురుత్వం వల్ల. ఆ గురుత్వం కోసం సూర్యుడంత బరువు కావాలి. పనిముట్టు ఎంత పెద్దదవుతుందో చూశావా!

(ప్రశ్న: సీసాన్ని బంగారం చేశారట కదా సార్?)

వస్తుందనుకున్నాను ఈ ప్రశ్న. వేమన బంగారం చేసే విద్య సాధించాడని మనవాళ్ళు చెప్పుకునే కథలు మీకు తెలుసు. ఆ పని జరిగింది, నిజమే. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు, బంగారంలో 79. మూడు తీసేస్తే చాలు. జెనీవాలో 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న యంత్రంలో సీసం కేంద్రకాల్ని కాంతివేగానికి దగ్గరగా ఎదురెదురుగా పంపిస్తారు. కొన్ని జతలు ఢీకొనవు, పక్కపక్క నుంచి రాసుకుంటూ పోతాయి. అంత వేగంలో ఒకదాని విద్యుత్ క్షేత్రం రెండోదాన్ని ఎంత గట్టిగా కుదుపుతుందంటే, కొన్నిసార్లు మూడు ప్రోటాన్లు ఊడిపోతాయి. 2015 నుంచి 2018 వరకు అలా తయారైన బంగారు కేంద్రకాలు 8,600 కోట్లని ఆ యంత్రం దగ్గర జరిగే ఆలిస్ అనే ప్రయోగం వాళ్ళు 2025లో లెక్క చెప్పారు. 8,600 కోట్లంటే ఎంతో అనుకుంటున్నారు కదూ. 29 పికోగ్రాములు. పుస్తెకి కాదు కదా, ముక్కుపుడక రాయి పట్టే కొక్కేనికి కూడా చాలదు. (నవ్వులు) అదీ నిలవలేదు. పుట్టిన మరుక్షణమే యంత్రం గోడలకి తగిలి ముక్కలైపోయింది. అయినా కష్టపడి ఎందుకు లెక్కపెట్టారంటే, సీసం నుంచి ప్రోటాన్లు ఊడినప్పుడల్లా ఆ కేంద్రకం దారి తప్పి కిరణపుంజం లోంచి జారిపోతుంది. ఆ నష్టం ఎంతో తెలిస్తేగానీ యంత్రాన్ని ఇంకాస్త గట్టిగా నడపలేరు.